58,82,353లో కామా ఎక్కడ పెట్టాలి?

మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ఇక్కడే పుట్టింది, తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ అంకెల దగ్గరకొచ్చేసరికి ఇంగ్లీషులోకి వెళ్ళిపోతుంది. లక్ష, కోటి అంటే నా మొహం చూస్తుంది. నాకది ఎప్పట్నుంచో బాధే.

మొన్న వీడియో కాల్‌లో వాళ్ళ తాతయ్య ఒక నంబర్ చెప్పి రాసుకోమన్నారు, 5882353. అది 5 తర్వాత కామా పెట్టి ఐదు మిలియన్లు అని మొదలెట్టింది, ఆయనేమో "కాదు తల్లీ, 58 తర్వాత పెట్టు, యాభై ఎనిమిది లక్షలు" అంటారు. కాసేపు వాదించుకుని చివరికి ఆయనే "సరే, కామాలన్నీ చెరిపేసి 588 పక్కన ఒక గీత గీయి, రెండు ముక్కల్నీ స్క్వేర్ చేసి కలుపు" అన్నారు. నోట్‌బుక్‌లో రబ్బరుతో రుద్దిన మరక మీదే గీత గీసింది. 588 స్క్వేర్ 345744, 2353 స్క్వేర్ 5536609, కలిపితే మళ్ళీ 5882353! పిల్ల ఒకటికి రెండుసార్లు కూడి చూసుకుంది. తన కామా, తాతయ్య కామా రెండూ కాకుండా వేరే చోట ఉంది కిటుకు.

ఇది ప్రైమ్ నంబర్ కూడా, అంటే 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదు; 4తో భాగిస్తే 1 మిగులుతుంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రైమ్‌ని రెండు స్క్వేర్ల మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయగలం, ఈ విషయం ఫెర్మా అనే గణితవేత్త 17వ శతాబ్దంలోనే చెప్పాడు, తర్వాత ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త నిరూపించాడు. అంటే 588, 2353 తప్ప దీనికి ఇంకో జత లేనే లేదు, నాకైతే అన్నిటికంటే ఇదే నచ్చింది. పైగా దీన్ని 17తో గుణిస్తే సరిగ్గా పది కోట్ల ఒకటి వస్తుంది, 10,00,00,001. ఈ లెక్క మాత్రం నేను తెలుగులోనే చేయించాను, ఎందుకంటే పది కోట్లు అని నోటితో అనగానే సున్నాలు ఎనిమిది అని దానికి వెంటనే వెలిగింది.

చిన్న నంబర్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. 12, 33 స్క్వేర్లు కలిపితే 1233. అక్కడ 12ని 100లోంచి తీసేస్తే 88, ఇప్పుడు 88, 33 స్క్వేర్లు కలిపితే 8833. ఇది చూశాక మా అమ్మాయి ఎవరూ చెప్పకుండానే 588ని 10000లోంచి తీసేసింది, 9412 వచ్చింది. దాని స్క్వేర్‌కి 2353 స్క్వేర్ కలిపితే 94122353, కుదిరింది!

వెంటనే మళ్ళీ కాల్ చేసింది. "తాతయ్యా రాసుకో, తొమ్మిది కోట్ల... నలభై ఒక్క లక్షల... ఉండు ఉండు... ఇరవై రెండు వేల మూడు వందల యాభై మూడు." అవతల ఆయన పెన్ను కోసం వెతుక్కుంటున్నారు.