అరకు నుంచి వైజాగ్: మూడోసారి, అదే రోగం

మా పాత స్కూటరు మీద అరకు నుంచి వైజాగ్ బీచ్‌కి పోవాలని ఇది మూడో ప్రయత్నం, మళ్ళీ వేడెక్కి ఆగిపోయింది. ఈసారి చేరామా లేదా అన్నదాని మీద ఇంట్లో ఇంకా గొడవే. మా ఆవిడ నోటుబుక్కులో రాసిన ఆఖరి లైను ఇది: "బండి ఎన్‌ఏడీ వరకు. మనుషులు బీచ్ వరకు." (ఎన్‌ఏడీ అంటే వైజాగ్‌లో ఒక కూడలి.) నా లెక్కలో చేరాం. తన లెక్కలో లేదు.

పొద్దున్న 5:40కి అరకులో బయల్దేరాం. మా పాత టూ స్ట్రోక్ గేర్ల స్కూటరు ఘాట్ దిగడంలో ఏ పేచీ పెట్టలేదు. ఈ ఇంజిన్‌కి ఆయిల్ పెట్రోలుతో కలిసే వెళ్తుంది, వాలులో యాక్సిలరేటర్ మూసేసి దిగితే సరిగా అందదు కాబట్టి అప్పుడప్పుడూ కాస్త ఇస్తూ వచ్చాను, అంతే.

అసలు కథ కింద మొదలైంది. ఎస్.కోటలో టిఫిన్ చేశాక 48 నిమిషాలు నడిచి, కొత్తవలస దాటగానే ఠక్కున ఆగింది. దగ్గలేదు, ఆయాసపడలేదు, స్విచ్ ఆపినట్టు ఆగిపోయింది. 18 నిమిషాలు చల్లారాక ఒక్క కిక్కుకే స్టార్టయింది. తర్వాత 26 నిమిషాలు నడిచి పెందుర్తిలో ఆగింది. మళ్ళీ స్టార్టయ్యాక 17 నిమిషాలు నడిచి ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కే వాలులో మళ్ళీ ఆగింది. వెనకున్న ఆటో ఆయన "ఏటి బాబూ, అయిపోయిందా?" అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

పెట్రోలు కాదు. పైపు పీకి చూస్తే ధారగానే వస్తోంది, ట్యాంకు మూత తీసి నడిపినా ఇదే తంతు. ప్లగ్గు కొత్తది, గ్యాప్ 0.6 మి.మీ. (బాష్ ప్లగ్గు. మా షాపాయన ఇప్పటికీ పాత పేరు మైకో అంటేనే ఇస్తాడు.) విప్పి హెడ్‌కి ఆనించి కిక్కు కొడితే, చల్లగా ఉన్నప్పుడు నీలంగా టక్కుమనే స్పార్క్ ఇప్పుడు నారింజ రంగులో, దారప్పోగంత సన్నగా ఉంది. అంటే కరెంటు దగ్గరే తేడా.

పెందుర్తిలో మా ఆవిడ తువ్వాలు తడిపి, ప్లగ్గుకి కరెంటిచ్చే బయటి కాయిల్‌కి చుట్టింది. తప్పు దానిదే అయితే చల్లబరచగానే బండి స్టార్టవ్వాలి, అయినా 22 నిమిషాలు పట్టింది. కాబట్టి ఆ కాయిల్ నిర్దోషి. పాయింట్లతో (కరెంటుని కలిపి విడదీసే చిన్న కాంటాక్టులు) కలిసి పనిచేసే కండెన్సర్ రెండో ట్రిప్పు తర్వాతే మార్చాను. ఇప్పుడొచ్చే కండెన్సర్ల మీద నాకు నమ్మకం లేదు గానీ, మీటర్‌లో 0.27 మైక్రోఫారడ్ చూపిస్తోంది, అంటే బాగానే ఉంది. పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ., తెల్లగా కాలిన మచ్చ కూడా లేదు. ఇక మిగిలింది మ్యాగ్నెట్ కింద ప్లేటు మీదున్న కాయిల్. రోడ్డు మీద దాన్ని చూద్దామంటే మ్యాగ్నెట్ పీకే పుల్లర్ ఇంట్లో ఉండిపోయింది.

"పుల్లర్ పెట్టుకోండి అని రాత్రి చెప్పానా లేదా?" చెప్పింది. నేనే బరువని తీసేశాను.

బండిని తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టి ఆటోలో ఆర్కే బీచ్‌కి పోయాం. జనం, హారన్లు, బెలూన్లు, సబ్‌మెరైన్ మ్యూజియం ముందు క్యూ. మా ఊళ్ళో ఏడింటికల్లా నిద్రపోతాం, ఇక్కడ ఏడింటికే సందడి మొదలు. ముంత మసాలా రెండుసార్లు తిన్నాం, రెండోసారి నిమ్మకాయ ఎక్కువ పిండించుకుని. బండి మర్నాడు కూరగాయలు దించి ఖాళీగా తిరిగెళ్ళే వ్యాన్‌లో ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చాక ప్లేటు విప్పాను. కాయిల్ చల్లగా ఉంటే 0.9 ఓమ్. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ పట్టుకుంది, నేను మీటర్ పట్టుకున్నాను. ఐదో నిమిషానికి 1.0, తొమ్మిదికి 1.1, పన్నెండో నిమిషంలో ఒక్కసారిగా ఓఎల్, అంటే తీగ తెగినట్టే! ఎగిరి గంతేశాను. మళ్ళీ రెండుసార్లు చేస్తే రాలేదు. తీగ లోపలెక్కడో తెగి, వేడికి విడిపోయి చల్లారితే అతుక్కుంటోందని నా అనుమానం. ప్లేటు నుంచి బయటికొచ్చే ఆకుపచ్చ వైరు ఇన్సులేషన్ పెంకులా బిరుసెక్కిందని, తప్పు అక్కడుందని తన అనుమానం. టూత్‌పిక్‌తో కదిపితే మీటర్‌లో అంకె కాస్త వణికింది కూడా. ఒప్పుకోవాలనిపించట్లేదు.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేసేయమంటోంది తను. పాయింట్ల బండికి పాయింట్లే ఉండాలంటాను నేను. ముందు ఆ వైరు మారుస్తా, రెండు రూపాయల పని. తర్వాత కాయిల్ కొత్తగా చుట్టిస్తా. ఎస్.కోట వరకు ఎండలో రెండు ట్రయల్స్ వేసి, నాలుగోసారి బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా పోవాలి. పుల్లర్ ఇప్పటికే డిక్కీలో పెట్టేశాను.