మా కౌంటీలో గంజాయి తోటలకి కొదవ లేదు, నోటీసు ఇచ్చే మనుషులే లేరు

అమెరికాలో ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మ్యాపులు గీస్తానని చెప్తాను. నిజమే గానీ సగం నిజం. ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఒక చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్లానింగ్ ఆఫీసులో జి.ఐ.ఎస్., అంటే కంప్యూటర్ మ్యాపుల ఉద్యోగం నాది. ఏ కౌంటీయో చెప్పను, ఉద్యోగం ఉండాలి కదా. నేను గీసే మ్యాపుల్లో ఎక్కువ భాగం గంజాయి తోటలవే. పర్మిట్ ఉన్నవాటికి ఒక రంగు, దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి నానుతున్నవాటికి ఇంకో రంగు, ఏ కాగితమూ లేనివాటికి ఎరుపు. ఎరుపు చుక్కలు తగ్గిన సంవత్సరం ఒకటి ఉంది కానీ ఆ గొప్ప మాది కాదు, సరుకు రేటు పడిపోవడం వల్ల తగ్గాయి.

"అక్కడ గంజాయి లీగలే కదా, మళ్ళీ పట్టుకోవడమేంటి?" అని మనవాళ్ళు అడుగుతారు. లీగలే. 1996లో ప్రపోజిషన్ 215తో, అంటే ప్రజలే ఓటేసి తెచ్చుకున్న చట్టంతో, మందుగా వాడుకోవడానికి ఒప్పుకున్నారు, 2016 నవంబర్‌లో ప్రపోజిషన్ 64తో 21 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ ఒప్పుకున్నారు, 2018 జనవరి 1 నుంచి షాపుల్లో అమ్ముతున్నారు. ఇంట్లో ఆరు మొక్కలు పెంచుకోవచ్చు. అమ్మకానికి పెంచాలంటే మాత్రం రాష్ట్రం లైసెన్సుతో పాటు కౌంటీ అనుమతి కూడా కావాలి, ఆ కౌంటీ మాకసలు వద్దని చెప్పొచ్చు కూడా, చాలాచోట్ల అలాగే చెప్పారు. సరేనన్న చోట వాగులో నీళ్ళు తోడుకోవడానికి వన్యప్రాణి శాఖతో ఒప్పందం, నీటి బోర్డులో నమోదు, కొండ మీదికి వేసుకున్న మట్టి రోడ్డుకి ఇంజనీరు రిపోర్టు, షెడ్డుకి బిల్డింగ్ పర్మిట్, పర్యావరణ పరిశీలన, ఆఖరికి మొక్క మొక్కకీ ఒక ట్యాగ్. ముప్పై ఏళ్ళు చాటుమాటుగా పండించుకుని బతికిన మనిషిని పిలిచి ఇవన్నీ పట్టుకురమ్మంటే కొందరు తెచ్చారు, కొందరు తెస్తూ తెస్తూనే దివాలా తీశారు, మిగతావాళ్ళు గేటుకి ఇంకో తాళం వేసుకున్నారు.

మెలిక ఎక్కడుందంటే, ప్రపోజిషన్ 64 వచ్చాక లైసెన్సు లేకుండా పెంచడం చాలావరకు చిన్న నేరం అయిపోయింది. గరిష్ఠంగా ఆరు నెలల జైలు, 500 డాలర్ల జరిమానా, ఏడు మొక్కలైనా అంతే, ఏడు వేలైనా అంతే. వాగు పాడుచేయడం లాంటి పర్యావరణ నేరం తోడైతే పెద్ద కేసు పెట్టొచ్చు, కానీ అది రుజువు చేయడానికి మట్టి, నీళ్ళ శాంపిల్స్ తీసి కోర్టులో నిలబడే మనిషి ఉండాలి. 500 డాలర్ల కేసు కోసం రెండు రోజులు డెప్యూటీలని, అంటే తన పోలీసులని, కొండెక్కించడానికి కౌంటీ పోలీసు అధిపతి అయిన ఏ షెరీఫ్‌కైనా మనసొప్పదు. అందుకని ఆ బరువంతా కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ మీద పడింది. ఆ విభాగం అప్పటిదాకా చూసుకున్నది పెరట్లో తుప్పు పట్టిన కార్లు, పొంగిపోయే సెప్టిక్ ట్యాంకులు, పర్మిట్ లేకుండా కట్టిన వరండాలు.

టీవీలో చూపించేదంతా హెలికాప్టర్లు, తుపాకులు, కోసి కుప్పపోసిన మొక్కలే. అసలు పని అలా ఉండదు. నేను ఉపగ్రహ చిత్రంలో అడవి మధ్య తెల్లటి గీతలు చూస్తాను, పాలిథిన్ షెడ్లు పైనుంచి అలాగే కనబడతాయి. ఆ చోటు ఏ పార్శిల్‌లో (భూమి ముక్కలో) ఉందో, యజమాని ఎవరో, పర్మిట్ ఉందో లేదో సరిచూసి పక్క టేబుల్‌కి పంపుతాను. అక్కడ ఒకరు ఫైల్ తెరవాలి, ఒకరు వెళ్ళి చూడాలి, గేటు దాటనివ్వకపోతే జడ్జి దగ్గరికి వెళ్ళి ఇన్‌స్పెక్షన్ వారెంట్ తేవాలి, దానికి కౌంటీ లాయర్ సంతకం, కొండ మీదికి తోడుగా ఒక డెప్యూటీ. తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, గేటుకి ఇంకో కాపీ, గడువు, మళ్ళీ వెళ్ళి చూడటం, అవతలివాళ్ళు అభ్యంతరం పెడితే హియరింగ్ ఆఫీసర్, జరిమానా కట్టకపోతే ఆస్తి మీద లీన్, అంటే బాకీ కింద హక్కు. ఇందులో ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా ఫైల్ అక్కడే ఆగిపోతుంది. మా దగ్గర ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీ కాదు. నేను ఏప్రిల్‌లో గుర్తుపెట్టిన తోటకి నోటీసు అక్టోబర్‌లో వెళ్ళిన సందర్భాలున్నాయి, అప్పటికి అక్కడ పంట కోసి, షెడ్లు విప్పి, మనుషులు కూడా వెళ్ళిపోయారు.

నర్సీపట్నంలో మా చిన్నాన్న రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. ఫోన్లో ఇదంతా చెప్తుంటే ఆయనకి వెంటనే అర్థమైంది. "అంటే ఇన్‌ఛార్జి పాలనే కదరా. ఒక వీఆర్వోకి మూడు ఊళ్ళు అప్పజెప్పినట్టు. అక్కడా అదేనేట్రా?" అన్నారు. అదే. మాకు కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి సూపర్‌వైజర్ లేని కాలంలో బిల్డింగ్ ఇన్‌స్పెక్టరే ఇన్‌ఛార్జి, ఆయన మెడికల్ లీవులో ఉంటే ఎవరూ కాదు.

చిన్నాన్న గంజాయిని దగ్గరగా చూసిన మనిషే. చింతపల్లి, పాడేరు వైపు వెళ్ళే దారి అది. 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు, ఎక్సైజ్ వాళ్ళు ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. అక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్.డి.పి.ఎస్.) కింద సాగుకి పదేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. నేను ఇక్కడి 500 డాలర్ల సంగతి చెప్తే ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత ఒక మాటన్నారు, అక్కడ పదేళ్ళ శిక్ష ఉన్నా పెట్టుబడి పెట్టినవాడు ఎప్పుడూ కొండ మీద దొరకడు, దొరికేది మొక్క పక్కన నిలబడ్డవాడేనని. ఆ మాట దగ్గర నేను నవ్వలేకపోయాను. ఇక్కడా అంతే కాబట్టి.

మనుషులు ఎందుకు దొరకరంటే, మొదటిది జీతం. పట్నంలో ప్లానర్‌కి వచ్చేదానికీ కొండ కౌంటీలో వచ్చేదానికీ పోలికే లేదు, అద్దె ఇళ్ళు కూడా దొరకవు. రెండేళ్ళు ఇక్కడ చట్టం, పర్మిట్లు నేర్చుకున్న పిల్లలు శాక్రమెంటోలో రాష్ట్ర ఉద్యోగానికి వెళ్ళిపోతారు, లేదంటే పర్మిట్లు ఇప్పించే కన్సల్టెంట్లుగా మారతారు. నిన్నటిదాకా దరఖాస్తు పరిశీలించినవాడే రేపు కౌంటర్ అవతల దరఖాస్తుదారు తరఫున నిలబడతాడు. తప్పుపట్టను, వాళ్ళకీ స్టూడెంట్ లోన్లున్నాయి. రెండోది, విధానమే నిలకడగా ఉండదు. కాలవేరస్ కౌంటీ 2015 బ్యూట్ కార్చిచ్చు తర్వాత 2016లో సాగుకి అనుమతిచ్చింది, 2018 జనవరిలో నిషేధించింది, 2019లో మళ్ళీ సరే అంది. ఎన్నిక ఎన్నికకీ ఇలా తిరగబడే పనికి పర్మనెంట్ పోస్టులు ఎవరు మంజూరు చేస్తారు, చేసినా ఎవరు చేరతారు?

హంబోల్ట్ కౌంటీ ఈ మనుషుల కొరతని ఇంకోలా దాటాలని చూసింది. 2018 నుంచి ఉపగ్రహ చిత్రాలు చూసి, షెడ్లు కనబడిన భూముల యజమానులకి నేరుగా నోటీసులు పంపడం మొదలుపెట్టింది. పది రోజుల్లో తీసేయాలి, లేకపోతే రోజుకి పది వేల డాలర్ల దాకా, తొంభై రోజుల దాకా. లెక్కేస్తే ఒక్కో ఉల్లంఘనకి తొమ్మిది లక్షల డాలర్లు. తోటలు తగ్గాయి, కాదనను. కానీ పాత యజమాని కట్టిన షెడ్డుకి కొత్తగా భూమి కొన్నవాళ్ళకి నోటీసులొచ్చాయనీ, గంజాయే పెంచనివాళ్ళు హియరింగ్ కోసం ఏళ్ళు ఎదురుచూశారనీ 2022లో కేసు పడింది. కింది కోర్టు కొట్టేస్తే 2024 డిసెంబర్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దానికి మళ్ళీ ప్రాణం పోసింది. ఈ పని చేసేవాడిగా నాకు అనిపించేది ఏంటంటే, కెమెరా ఒక్క పూటలో వంద చుక్కలు చూపిస్తుంది, వాటిలో ఏది నిజమో, ఎవరి తప్పో తేల్చడానికి, అన్యాయం జరిగిందన్నవాడి మాట వినడానికి మాత్రం మనుషులే కావాలి. చిత్రాలు కొని, వినేవాళ్ళని పెట్టకపోతే కోర్టుకి వెళ్ళక తప్పదు.

పైనుంచి చూస్తే ఎంత పొరపాటు జరుగుతుందో చెప్పాలంటే మన గోంగూర సంగతి చెప్పాలి. ఇక్కడ ఇండియన్ స్టోర్ అంటే మూడు గంటల డ్రైవ్, అందుకని పెరట్లో గోంగూర వేసుకున్నాను. ఆగస్టులో నా సహోద్యోగి ఒకామె, కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, నా టేబుల్ దగ్గరికొచ్చి ఒక ఫొటో పెట్టింది. ఎవరో పొరుగాయన ఫిర్యాదు, ఆరు కంటే ఎక్కువ మొక్కలున్నాయని. ఫొటోలో నా పెరడు. ఆకు చూస్తే నిజంగానే అచ్చం అలాగే ఉంటుంది, ఐదు వేళ్ళు చాచినట్టు. మరుసటి రోజు పచ్చడి చేసి ఆఫీసుకి పట్టుకెళ్ళాను, ఆమె ఒక స్పూను తిని నీళ్ళ కోసం పరిగెత్తింది. ఫైల్ మూసేశారు. ఇది నవ్వుకునే విషయం, ఎందుకంటే నేను ఆ ఆఫీసులోనే పనిచేస్తాను, ఇంగ్లీషులో చెప్పుకోగలను.

అలా చెప్పుకోలేనివాళ్ళ సంగతి వేరు. పక్కనున్న సిస్కియూ కౌంటీలో షాస్తా కొండ కింద లావా రాళ్ళ నేల మీద వేలమంది మాంగ్ కుటుంబాల వాళ్ళు చేరారు, వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అక్కడ గంజాయి తోటలు చాలా ఉన్నాయి, అది నిజం. కౌంటీ 2021లో నీళ్ళ ట్యాంకర్లు ఆ దారుల్లో తిరగకుండా ఆంక్షలు పెట్టింది, తోటలకి నీళ్ళు ఆపితే చాలనుకుని. ఆగిపోయినవాటిలో తాగే నీళ్ళు కూడా ఉన్నాయి. సెప్టెంబర్‌లో ఫెడరల్ జడ్జి ఆ ఆంక్షల అమలుని తాత్కాలికంగా ఆపించారు. ఒక్కొక్క ఇంటికి వెళ్ళి ఎవరిది తోట, ఎవరిది ఇల్లు అని తేల్చే సిబ్బంది లేనప్పుడు ఇలా ఊరందరికీ ఒకే మందు వేయాలనిపిస్తుంది, చిన్న కౌంటీల్లో ఆ టెంప్టేషన్ నేను రోజూ చూస్తున్నాను.

ఒకసారి కోఆర్డినేట్లు సరిచూడటానికి టీంతో పాటు నేనూ కొండెక్కాను. గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయనకి ఇంగ్లీషు రాదు, మా బృందంలో ఆయన భాష వచ్చినవాళ్ళు లేరు. అందరినీ వదిలేసి నా వైపే చూశాడు, నా రంగు చూసి నాకేదో అర్థమవుతుందనుకున్నాడేమో. భూమి కాగితాల్లో ఉన్న పేరు ఆయనది కాదు, ఎక్కడో రిజిస్టరైన ఒక కంపెనీది. నోటీసు ఆ కంపెనీ పేరు మీదే ఉంది, చేతికి అందుకున్నది మాత్రం ఆయన. చిన్నాన్న చెప్పింది ఇదే.

మన పిల్లలకి ఒక ముక్క చెప్పాలి. కేంద్ర చట్టంలో గంజాయి ఇంకా నేరమే. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వం, ఇమిగ్రేషన్ చూసే యు.ఎస్.సి.ఐ.ఎస్. స్పష్టంగా రాసింది, రాష్ట్రంలో లీగలైనా గంజాయి వ్యాపారంలో పనిచేయడం సిటిజన్‌షిప్‌కి అడ్డం కావచ్చని. లైసెన్సున్న కంపెనీయే కదా, డేటా ఎంట్రీయే కదా, జీతం బావుంది అని ఓ.పి.టి. (చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీదున్న ఒకబ్బాయి నన్ను అడిగాడు. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు బాబూ, నన్ను కాదు అన్నాను. నాది ప్రభుత్వ ఆఫీసు, నేను తోటలో పనిచేయట్లేదు, అయినా ఫారాలు నింపేటప్పుడు ఉద్యోగ వివరాల గడి దగ్గర నాకూ కొంచెం టెన్షనే.

డబ్బు సంగతికొస్తే అది గుండ్రంగా తిరుగుతుంది. పర్మిట్ ఉన్న రైతులు కట్టే పన్నుతో ఎన్‌ఫోర్స్‌మెంట్ జీతాలు ఇవ్వాలన్నది లెక్క. బ్యాంకులు చాలావరకు దగ్గరికి రానివ్వక ఆ పన్ను నోట్ల కట్టలుగా వచ్చేది, లెక్కపెట్టే గదిలో వాసన గుప్పుమనేది. 2021లో సరుకు రేటు కుప్పకూలింది, పౌను (దాదాపు అర కిలో) వెయ్యి డాలర్లకి పైన అమ్మినవాళ్ళు కొన్ని వందలకి ఇచ్చేశారు. 2022 జులై 1 నుంచి రాష్ట్రం సాగు పన్ను ఎత్తేసింది, కౌంటీలు కూడా తమది తగ్గించుకోవాల్సి వచ్చింది. లీగల్ రైతు మూతపడితే మా జీతాల డబ్బు తగ్గుతుంది, మేము తగ్గితే పన్ను కట్టనివాడు చవగ్గా అమ్ముతాడు, దాంతో ఇంకో లీగల్ రైతు మూతపడతాడు. హియరింగుల్లో మా మీద ఎక్కువగా అరిచేది పర్మిట్ ఉన్నవాళ్ళే, "నా గేటు దగ్గరికి నెలకోసారి వస్తారు, పక్కవాడి గేటు దగ్గరికి ఎందుకు వెళ్ళరు" అని. వాళ్ళ అడ్రస్ మా దగ్గరుంది, వెళ్తే తలుపు తీస్తారు, అందుకే అక్కడికి వెళ్తాం. ఈ జవాబు మైకులో చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

జులైలో మొదలయ్యే బడ్జెట్‌లో మా విభాగానికి గ్రాంటు డబ్బుతో ఒక డ్రోన్ వస్తోంది. నేను అడిగింది నోటీసులు పంపి ఫైళ్ళు కదిలించే ఒక క్లర్కుని, మాంగ్ భాష వచ్చినవాళ్ళయితే మరీ మంచిదని కూడా రాశాను. ఆ పోస్టు ఫ్రీజ్‌లో ఉంది. డ్రోన్ ఎగరేయడానికి లైసెన్సు ఎవరు తీసుకుంటారని మీటింగులో అడిగితే అందరూ నా వైపు చూశారు, కాబట్టి దానికి కూడా నేనే ఇన్‌ఛార్జి.