గుంటూరు నుంచి జర్మనీకి: స్టూడెంట్ వీసా, అక్కడి రెసిడెన్స్ పర్మిట్ – నా అనుభవం

పదో తరగతి మెమో, పాస్‌పోర్ట్ పక్కపక్కన పెట్టి చూడండి. జర్మనీ వీసా పని అక్కణ్నుంచే మొదలవుతుంది. మన మెమోల్లో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో చాలామందికి మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే పడి, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. సరిచేయించాలంటే విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీఇష్యూకి పెట్టాలి. రీఇష్యూ అయితే నంబరు మారిపోతుంది. అప్పటికే పాత నంబరు మీద బ్లాక్డ్ అకౌంటు (ఏడాది ఖర్చు డబ్బు ముందే వేసి చూపించే ఖాతా), అడ్మిషన్ లెటరు ఉంటే అన్నీ మళ్లీ మార్పించుకోవాలి. అందుకే మిగతా అన్నిటికంటే ముందు ఈ పని చేయించుకోండి.

తర్వాత ఏపీఎస్ సర్టిఫికెట్. మన సర్టిఫికెట్లు అసలైనవేనని ఢిల్లీలోని ఏపీఎస్ ఆఫీసు చూసి ఇచ్చే కాగితం ఇది. 2022 నవంబర్ 1 నుంచి ఇది లేకుండా వీసా దరఖాస్తు తీసుకోవడం లేదు. ఫీజు 18,000 రూపాయలు. దీనికి గడువు తీరిపోవడం అంటూ లేదు కాబట్టి అడ్మిషన్ కోసం ఆగకుండా ముందే తీసి పెట్టుకోవచ్చు. నేను ఇంటర్ మెమో, అన్ని సెమిస్టర్ల మెమోలు, సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) పెట్టాను. సప్లీలు రాసినవాళ్లు ఆ మెమోలు కూడా పెట్టాలి. అవి లేకపోతే పరీక్ష రాసిన నెల, సంవత్సరం సీఎంఎంతో కలవవు, ఫైలు ఆగిపోతుంది. ఇంకోటి, ఒరిజినల్స్‌కి ల్యామినేషన్ చేయించకండి. రేపు ఎక్కడైనా అటెస్టేషన్ ముద్ర కావాలంటే వెయ్యడానికి చోటుండదు.

అందరికీ చెమటలు పట్టేది డబ్బు దగ్గరే. ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో ముందే వేసి చూపించాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మన చేతికొస్తుంది. అకౌంటు ఆన్‌లైన్‌లో తెరవడం తేలికే. చిక్కంతా బ్యాంకు నుంచి పంపడంలో ఉంది. విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఎ2 ఫారంలో పర్పస్ కోడ్ ఎస్0305, అంటే విదేశీ చదువు, అని రాయించండి. బ్యాంకు ఛార్జీల గడిలో ‘ఓయూఆర్’ (ఛార్జీలన్నీ పంపేవాళ్లవే) అని టిక్ పెట్టించి, ఆ గడిని మీ కళ్లతో చూసుకోండి. మా బ్రాంచిలో ‘ఎస్‌హెచ్ఏ’ (ఛార్జీలు ఇద్దరికీ పంచేది) అని పెట్టేశారు. దారిలో మధ్య బ్యాంకు తన కమీషన్ కోసుకుంది. పడాల్సిన మొత్తానికి కొద్ది యూరోలు తక్కువైనా కన్ఫర్మేషన్ లెటరు రాదు. ఆ తేడా కోసం మళ్లీ ఎ2 ఫారం, మళ్లీ స్విఫ్ట్ ఛార్జీ. అందుకే యాభై, వంద యూరోలు ఎక్కువే పంపండి. అకౌంటు వాళ్లిచ్చిన రెఫరెన్స్ నంబరు కూడా ఒక్క అంకె తప్పకుండా రాయించాలి.

టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) సంగతి కూడా తెలుసుకోండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షల రూపాయలు దాటి విదేశాలకు పంపితే, దాటిన మొత్తం మీద పట్టుకుంటారు. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ డబ్బు అయితే పట్టుకోరు. పట్టుకున్నది పోయినట్టు కాదు, పంపినవాళ్లు ఐటీ రిటర్న్‌లో చూపించి సర్దుకోవచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు కూర్చే తల్లిదండ్రులకి ఈ ఒక్క మాటా ముందే తెలిస్తే ఎంత నయమో.

వీసా ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కడతాం. ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో చెప్పే ఉత్తరం, మాత్రం సొంతంగా రాసుకోండి. బ్రాడీపేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీలో నలుగురికి ఇచ్చిన ఎస్‌ఓపీనే ఐదోవాడికీ ఇస్తే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. వీసా ఇవ్వకపోతే మళ్లీ పరిశీలించమని అభ్యంతరం రాసుకునే పద్ధతి 2025 జూలై 1 నుంచి తీసేశారు. ఇప్పుడు మళ్లీ కొత్తగా అప్లై చేయాలి, లేదా బెర్లిన్ కోర్టుకెళ్లాలి. మొదటి ఫైలే గట్టిగా ఉండాలి.

దిగాక మొదటి పని ఆన్మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చేయించాలి. దానికి ఇంటి ఓనరు సంతకంతో ఒక ఫారం కావాలి, పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. అద్దె అగ్రిమెంట్ చూపిస్తే కుదరదు, ఆ ఫారమే ఉండాలి. గది మాట్లాడుకునేటప్పుడే “ఆన్మెల్డుంగ్‌కి ఒప్పుకుంటారా” అని అడగండి. ఒప్పుకోని గది ఎంత చవకైనా వద్దు. బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ పర్మిట్, ట్యాక్స్ నంబరు అన్నీ ఆ అడ్రసు మీదే నడుస్తాయి.

పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి, అదీ మొదటి రోజే. అక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాసి అంటించాలి. పేరు కనబడకపోతే ట్యాక్స్ నంబరు, బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ వెనక్కి పోతాయి. ఓ చిన్న కాగితం, సెల్లోటేపు ముక్క చాలు.

వీసా మీద ఎన్ని నెలలుందో చూసుకోండి. మూడు నుంచి ఆరు నెలలు ఇవ్వడం మామూలు, కొందరికి ఏడాది ఇస్తారు. అది తీరకముందే ఔస్‌లెండర్‌బెహోర్డెలో, అంటే విదేశీయుల ఆఫీసులో, రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆన్మెల్డుంగ్ కాగితం చేతికి రాగానే అడగడం మొదలుపెట్టండి. పర్మిట్ కార్డు వచ్చేలోగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అని తాత్కాలిక కాగితం ఇస్తారు. సంక్రాంతికి ఇంటికి రావాలనుకుంటే టికెట్ కొనేముందు ఆ కాగితం లోపల ఏ గడిలో టిక్ ఉందో చూడండి. జర్మనీ రెసిడెన్స్ చట్టం సెక్షన్ 81, నాలుగో పేరా అని ఉంటే మళ్లీ జర్మనీలోకి రానిస్తారు. మూడో పేరా అని ఉంటే దాని మీద తిరిగి రావడం కుదరదు, కార్డు వచ్చేదాకా ఆగాల్సిందే.