పడవ ఆగని దీవి

గోదావరిఖనిలో భూగర్భ గనికి షిఫ్టులవారీగా వెళ్ళివచ్చిన కార్మికుడి కొడుకును నేను. అందుకే నాగసాకి వరకు వెళ్ళి, సముద్రం అడుగున బొగ్గు తవ్విన హషిమా దీవిని చూడకుండా తిరిగిరావడానికి మనసొప్పలేదు. దూరం నుంచి యుద్ధనౌకలా కనిపిస్తుందని జపానీయులు దాన్ని గుంకన్‌జిమా అంటారు. నిబంధనలు పాటిస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చిన తరువాతే మమ్మల్ని పడవ ఎక్కనిచ్చారు.

తకషిమా అనే దీవి దాటాక, హషిమా మేడలు ఒక్కొక్కటిగా తేటపడుతుండగా, పక్కనే చిన్న రాతి దిబ్బ లాంటి దీవి కనిపించింది. దాని పేరు నకనొషిమా. పర్యాటకుల పడవలేవీ అక్కడ ఆగవు. పందొమ్మిదో శతాబ్దం చివర మిత్సుబిషి సంస్థ అక్కడా బొగ్గు తవ్వించింది కానీ, ఊట నీటిని అదుపు చేయలేక 1893లో గనిని వదిలేసింది. ఆ తరువాత అది హషిమా వాసుల శ్మశానమైంది. కొండవాలు మీద పొదల మధ్య, ఉప్పుగాలికి నల్లబడిన గోడల ముక్కలు పడవలోంచే కనిపించాయి. అవి దహనవాటిక శిథిలాలని మా గైడు చెప్పాడు.

శ్మశానం వేరే దీవిలో ఎందుకన్న ప్రశ్నకు హషిమాలో దిగగానే సమాధానం దొరికింది. సుమారు 480 మీటర్ల పొడవు, 160 మీటర్ల వెడల్పు ఉన్న ఆ దీవిలో 1959లో 5,259 మంది బతికారు. 1916లోనే అక్కడ కాంక్రీటుతో బహుళ అంతస్తుల నివాసం కట్టారు. బడి, ఆసుపత్రి, సినిమా హాలు అన్నీ ఇరుకిరుకుగా అమర్చుకున్నారు. చివరికి మిద్దెల మీదికి మట్టి మోసుకెళ్ళి కూరగాయలు పెంచుకున్నారు. చనిపోయినవారికి మాత్రం జాగా మిగల్లేదు.

2009లో సందర్శకులకు తెరిచినా, దక్షిణపు అంచున కంచె వేసిన కొద్దిపాటి బాట మీదే నడవనిస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొరియా, చైనాల నుంచి బలవంతంగా తెచ్చిన కార్మికులూ ఈ గనిలో పనిచేశారు, ఇక్కడే ప్రాణాలు విడిచినవారూ వారిలో ఉన్నారు. ఆ మాట చెప్పకుండా ఈ దీవి కథ చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం.

మా నాన్న పోయినప్పుడు ఆయనతో షిఫ్టు చేసినవారే వంతులవారీగా భుజం మార్చుకుంటూ గోదావరి ఒడ్డుకు మోసుకెళ్ళారు. దారిలో దింపుడుకల్లం దగ్గర ఆగి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. ఇక్కడి కార్మికుడి కొడుకు మాత్రం తండ్రిని పడవలోకి ఎక్కించి, అలల మీద తీసుకెళ్ళి, ఆ రాళ్ళ మీదికి దించుకోవలసి వచ్చింది.

1974 జనవరిలో గని మూతపడింది, ఏప్రిల్‌కల్లా దీవి ఖాళీ అయింది. తిరుగు ప్రయాణంలో నేను వెనుక డెక్కు మీదికి వెళ్ళి నిలబడ్డాను. నకనొషిమా పక్కగా సాగుతున్నంతసేపూ చేతులు జోడించి ఉన్నాను. పొదల చాటున ఆ నల్లటి గోడ కాసేపు కనిపించింది, ఆ తరువాత పడవ మలుపు తిరిగింది.