వల, వెల, వేలం: లైబ్రరీలో పెద్దవాళ్లకి చదువు నేర్పేవాళ్ల కోసం

చదువు రాని పెద్దవాళ్లు క్లాసుకి రాగానే అడిగేది ఇంగ్లీషు నేర్పమని. ఫోన్లో పేర్లు ఇంగ్లీషు, మందుల అట్టల మీద ఇంగ్లీషు, షాపుల బోర్డులు ఇంగ్లీషు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఏ లిపీ రాని మనిషికి, తను మాట్లాడని భాషలో అక్షరాలు మొదలుపెడితే అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. 'బి, ఎ, జి' అని కూడబలుక్కుని చదివాక అది సంచి అని పక్కవాళ్లు చెప్పాలి. అదే తెలుగులో 'వ... ల' అనగానే ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు. విశాఖ జాలరిపేట మనిషికి ఆ మాట పుట్టినప్పటి నుంచీ తెలుసు.

అమెరికాలో స్పానిష్ మాట్లాడే వలసకూలీల విషయంలోనూ ఇదే చిక్కు. వాళ్లూ ముందు ఇంగ్లీషే అడుగుతారు. చిన్నప్పుడు బడికి వెళ్లనివాళ్లని నేరుగా ఇంగ్లీషు క్లాసులో కూర్చోబెడితే బోర్డు మీద రాసినది ఎక్కించుకోలేరు, నోట్సు రాసుకోలేరు, కొన్నాళ్లకి మానేస్తారు. అందుకే అక్కడి కొన్ని లైబ్రరీల్లో, సామాజిక కేంద్రాల్లో ముందు స్పానిష్ చదవడం నేర్పుతారు. మెక్సికో ప్రభుత్వం పెద్దల చదువు కోసం 1981లో ఇనేయా అనే సంస్థ పెట్టింది. దాని పుస్తకాలతో అమెరికాలో 'ప్లాసా కొమునితారియా' అనే కేంద్రాలు నడుస్తున్నాయి. స్పానిష్‌లో అచ్చులు అయిదే, రాసినట్టే పలుకుతారు. మ, మె, మి, మొ, ము అని ఒక్కో హల్లునీ అయిదు అచ్చులతో తిప్పుతారు. మన గుణింతం చదివినవాళ్లకి అందులో వింతేమీ కనిపించదు. బ్రెజిల్‌లో పావులో ఫ్రేరీ అనే విద్యావేత్త 1963లో అంగికోస్ అనే ఊళ్లో కూలీలకి పోర్చుగీసులో చదువు చెప్పినప్పుడు పట్టుకున్నదీ ఈ పద్ధతే. వాళ్లు రోజూ వాడే మాట ఒకటి తీసుకోవడం, దాన్ని ముక్కలు చేయడం, ఆ ముక్కల్తో కొత్త మాటలు కట్టడం. తెలుగుకి ఇది ఇంకా బాగా నప్పుతుంది.

'వల' తీసుకోండి. వ, ల రెండే అక్షరాలు. ముందు మాటని మొత్తంగా చూపించి చదివించండి, తర్వాత విడదీయండి, తర్వాత రోజుకి ఒకటో రెండో గుర్తులు కలపండి. దీర్ఘం, కొమ్ము వస్తే వాలు, లావు. ఎత్వం వస్తే వెల. ఏత్వం వస్తే వేలు, లేవు. సున్న కూడా వస్తే వేలం. గుడి, గుడిదీర్ఘం వస్తే విలువ, వీలు. ఓత్వం వస్తే లోవ (తుని దగ్గర తలుపులమ్మ లోవ మన వైపు అందరికీ తెలిసిందే). రెండు అక్షరాలతో పదో రోజుకి పది మాటలు చదివేస్తారు. అందులో వల, వెల, వేలం ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చెవిన పడే మాటలు. రెండో మాటగా 'కెరటం' పెడితే క, ర, ట వస్తాయి. వాటితో రేవు, కూర, కారం, కాలు, వారం. తాపీ పని, మట్టి పని చేసేవాళ్ల గుంపైతే 'కూలి', 'ఇటుక' నుంచి మొదలుపెట్టండి. పూర్ణా మార్కెట్లో కూరగాయలు అమ్మేవాళ్లకి 'కూర', 'తూకం', 'బేరం' దగ్గర.

'అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు' చార్టు గోడకి తగిలించకండి. యాభై ఏళ్ల మనిషిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టినట్టుంటుంది. పైగా ఆ వరసలో మొదటి పదహారు అక్షరాలూ నేర్చినా చదవడానికి ఒక్క మంచి మాట దొరకదు. అచ్చులు విడిగా మాట మొదట్లోనే వస్తాయి, అసలు పని గుణింతపు గుర్తులది. ఙ, ఞ, ఌ జోలికి వెళ్లనే వద్దు. ఛ, ఝ, ఠ, ఢ లాంటివి ఆఖర్న, ఏ మాటలోనైనా తగిలినప్పుడు చెబితే చాలు.

ఒకే పోలిక ఉన్న అక్షరాలని ఒకే వారంలో నేర్పమని కొన్ని వాచకాలు చెబుతాయి: ప, వ, మ, ష అలాగ. రాయడానికి అది తేలికే. చదవడానికి మాత్రం చేటు. ఒకదాని మీద ఇంకొకటి పడి రెండూ కలిసిపోతాయి. వ గట్టిపడ్డాక కనీసం రెండు వారాలు ఆగి ప తీసుకురండి, అప్పుడు 'పడవ' అనే మాటలో రెండూ ఒకేచోట చూపించండి. పై భాగం మూసుకుని ఉంటే వ, తెరుచుకుని ఉంటే ప అని వేలు పెట్టి చూపించాలి. పు, వు రాసేటప్పుడు కొమ్ము పక్క నుంచి కాక కింద నుంచి వస్తుంది, లేకపోతే వు కాస్తా మ అయిపోతుంది. ఇది చెప్పకుండా వదిలేస్తే 'ఆవు'ని 'ఆమ' అని చదువుతుంటారు.

ఉత్తరాంధ్రలో ఇంకో సంగతి. చేపని సేప అనీ, చదువుని సదువు అనీ, నేను అనడానికి నాను అనీ అనేవాళ్లు ఎక్కువ. డిక్టేషన్ చెబితే వాళ్లు విన్నట్టే స రాస్తారు. అది చెవి సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. మొదటి నెల అలాగే రాయనివ్వండి. చ వచ్చినప్పుడు 'పుస్తకంలో దీన్ని ఇలా రాస్తారమ్మా' అని చేప, చదువు, చీర, చెయ్యి మాటల్ని మొత్తంగా కంటితో గుర్తుపట్టించండి. నాలుకని దిద్దడానికి మాత్రం పూనుకోవద్దు. మాట తప్పంటే మనిషి తప్పన్నట్టే వినిపిస్తుంది, మర్నాడు రారు.

ఒడియా మాట్లాడేవాళ్లు వస్తే ఏ భాష? ఏ భాషలో లెక్కపెట్టుకుంటారు, ఏ భాషలో పిల్లల్ని కేకలేస్తారు అని అడిగితే జవాబు దొరుకుతుంది. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉండి తెలుగు ధారాళంగా మాట్లాడేవాళ్లకి తెలుగే మొదలుపెట్టొచ్చు.

మొదటిరోజు పరీక్షలూ పత్రాలూ వద్దు. పది రూపాయల నోటు, బస్సు నంబరు, సొంత ఫోన్ నంబరు చదవమనండి. అంకెలు చాలామందికి వచ్చే ఉంటాయి, అక్కడి నుంచి లెక్కలు అందుకోవచ్చు. చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివి మర్చిపోయినవాళ్లని అసలేమీ రానివాళ్లతో కలపకండి. వాళ్లు ముందే చదివేస్తారు, వీళ్లు నోరు మూసుకుంటారు. గుంపుకి ఎనిమిది మంది, మహా అయితే పది మంది.

క్లాసు మానేయడానికి ఎవరూ గమనించని కారణం కళ్లు. నలభై దాటాక దగ్గర చూపు తగ్గుతుంది. దూరం బాగా కనిపిస్తుంది కాబట్టి వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు. అక్షరాలు 'బుర్రకెక్కడం లేదు' అంటారు. కాగితాన్ని మోచేతి దూరం కంటే అవతలికి తోస్తున్నారంటే అనుమానించాల్సిందే. ప్లస్ 1, 1.5, 2, 2.5 పవర్ల రీడింగ్ కళ్లజోళ్లు రెండేసి చొప్పున ఒక డబ్బాలో పెట్టుకోండి. సుమారుగా నలభై అయిదేళ్లకి 1.5, యాభైకి 2, ఆ పైన 2.5 సరిపోతాయి. పెట్టుకుని చూసి ఏది స్పష్టంగా ఉంటే అది క్లాసు వరకు వాడుకోనిచ్చి, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి పంపండి. ఒక కన్నే మసకైనా, దీపం చుట్టూ రంగు వలయాలు కనిపిస్తున్నాయన్నా ఈ డబ్బాతో సరిపెట్టకుండా వెంటనే పంపాలి. మనం ఇచ్చే కాగితాల్లో అచ్చు 24 పాయింట్లకి తగ్గకూడదు.

వేళ సంగతి. చేపలమ్మే ఆడవాళ్లు చీకటితోనే హార్బర్‌కి పోయి మధ్యాహ్నానికి గాని తేలరు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి రెండింటికీ నాలుగింటికీ మధ్య కాస్త తీరిక. కట్టడం పనివాళ్లకి ఏడు దాటాలి. శాఖా గ్రంథాలయాలు చాలావరకు మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి గ్రంథపాలకులతో ముందే మాట్లాడి తాళం సంగతి తేల్చుకోండి. మొహమాటపడక్కర్లేదు. మన రాష్ట్రంలో ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది, అద్దె కట్టేవాళ్ల డబ్బులూ అందులో ఉన్నాయి. వేటకి వెళ్లే మగవాళ్లకైతే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం మంచి అదను. వలలు బాగుచేసుకునే పనున్నా, ఆదివారాలు తీసేసి రోజుకి రెండు గంటల చొప్పున వేసుకుంటే వంద గంటలు దాటుతాయి. అక్షరాస్యతా మిషన్ రోజుల్లో మూడు వాచకాల కోర్సుకి 200 గంటలు అనుకునేవారు, అందులో సగం. గంటన్నర క్లాసు వారానికి అయిదు రోజులు నడిపితే 200 గంటలకి ఆరు నెలల పైనే పడుతుంది. ఈ లెక్క మొదటిరోజే చెప్పేయండి. నెలలో వచ్చేస్తుందని ఆశపెట్టొద్దు.

గంటన్నరలో మొదటి పావుగంట నిన్నటిది మళ్లీ చదవడం, ఇరవై నిమిషాలు కొత్తది, అరగంట ఇద్దరిద్దరుగా చదువుకోవడం, మిగతాది రాత. అందరిచేతా ఒకేసారి గొంతు కలిపి చదివించడం చూడముచ్చటగా ఉంటుంది గాని దానివల్ల ఎవరికి వచ్చిందో తెలియదు. పెద్దవాళ్లకి జ్ఞాపకశక్తి గట్టిది, పేజీ మొత్తం బట్టీ పట్టేస్తారు. మాటల్ని చీటీల మీద రాసి కలిపేసి ఒక్కొక్కటీ చూపిస్తే అసలు సంగతి బయటపడుతుంది. సాయానికి వచ్చే కాలేజీ పిల్లలకి రెండే రెండు నియమాలు: 'మీరు' అనాలి, తడబడినప్పుడు మనసులో అయిదు లెక్కపెట్టుకున్నాకే అందివ్వాలి. రాతకి ముందు పలకా బలపమే మంచిది. వల లాగిన చేతులు పెన్సిల్ని గట్టిగా అదిమితే మొన విరుగుతుంది, అది వాళ్లకి చిన్నతనంగా తోస్తుంది. అక్షరం రెండు అంగుళాల ఎత్తుండనివ్వండి. సంతకం ఒక్కటీ నేర్పి పంపేయడం మాత్రం వద్దు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టడం వేలిముద్ర కంటే ప్రమాదం.

ఇక ఒత్తులు. మూడో నెలలో సగం క్లాసు ఖాళీ అయ్యేది ఇక్కడే. ముందు ద్విత్వాలు తీసుకోండి, అవి తేలిక: డబ్బు, రొట్టె, ముద్ద. వీటిలో ఒత్తు దాదాపు అక్షరంలాగే ఉంటుంది. తర్వాత అక్క, అమ్మ, అన్న, పిల్ల, రొయ్య. మ, న, ల, య, త, ర ఒత్తులకి అక్షరంతో పోలికే ఉండదు, ఒక్కోదానికీ రెండేసి రోజులివ్వండి. సంయుక్తాలు ఆఖర్న. 'గుర్తు' చూడండి. కొమ్ము ర పక్కన కనిపిస్తుంది, పలకాల్సింది త తర్వాత. అందుకే 'గురుత' అని చదువుతారు. కంటికి కనిపించిన వరసలో చదివారంతే. పలక మీద ముందు 'గుర్' అని పొల్లుతో రాయించండి, పక్కన 'తు' రాయించండి, రెండూ గడగడా చదివించి, అప్పుడు కలిపి 'గుర్తు' రాసి, ర మీద ఒకటి, ఒత్తు మీద రెండు, కొమ్ము మీద మూడు అంకెలు వేయండి. కార్డు, వస్తువు, బస్సు, ఆస్పత్రి, సముద్రం ఇదే దారి. పదిహేను మాటలు ఇలా విడదీసి కలిపాక అంకెల అవసరం ఉండదు. ఒత్తులకి పట్టే ఈ మూడు వారాల్లో కొత్త పాఠం ఒక్కటీ పెట్టకండి.

వాచకం అయ్యాక చదవడానికేమీ లేకపోతే ఏడాదిలో వచ్చిందంతా పోతుంది. లైబ్రరీలో క్లాసు పెట్టడానికి అసలు కారణం ఇదే. విశాఖలో 1886 నాటికే సరస్వతీ నిలయం అనే గ్రంథాలయం ఉంది, ఇక్కడ పుస్తకాలకి కరువు ఎప్పుడూ లేదు. కొత్తగా చదివేవాళ్లకి పనికొచ్చేవి ఏరి ఒక అరలో పెట్టేవాళ్లే కావాలి. ఆ అరలో పెద్ద అచ్చు జానపద కథలుండాలి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, మొదటి రెండు స్థాయిలవి ప్రింటు తీయండి. దినపత్రికల్లో శీర్షికలు కత్తిరించి అట్టలకి అంటించండి. 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు' అన్న హెచ్చరికని చదవడానికి జాలరిపేటలో ఎవరికైనా ఆసక్తే. డ్వాక్రా పుస్తకం, కరెంటు బిల్లు తెచ్చుకోమనండి. అన్నిటికంటే బాగా పనిచేసేది వాళ్లు చెప్పిందే. ఒకరు మాట్లాడుతుంటే ఆరు వాక్యాలు వాళ్ల మాటల్లోనే, నాను అంటే నాను అనే టైపు చేసి మర్నాడు అందరికీ పంచండి.

చదివిన దాని గురించి మాట్లాడుకోనివ్వండి, టైమైపోతోందని ఆపకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడిలో సారా గురించిన పాఠం చదివి, మాట్లాడుకుని, అక్కడితో ఆగక సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

సర్టిఫికెట్ కావాలన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ పథకం కింద పరీక్ష ఉంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటీ 50 మార్కులు. దానికోసమే నేర్పితే క్లాసు పాడవుతుంది, సిద్ధమైనవాళ్లని పంపితే చాలు.

పెళ్లిళ్లకీ, సంక్రాంతికీ, తుపాను వచ్చినప్పుడూ క్లాసు చెదిరిపోతుంది. తిరిగొచ్చినవాళ్లని 'ఇన్నాళ్లూ ఏమైపోయారు' అని అడగొద్దు. వాళ్లు రాని రోజుల కాగితాలు పేరు రాసి కవర్లో ఉంచండి. రెండు పాఠాలు వెనక్కి వెళ్లి అక్కడి నుంచి అందుకోండి. పసిపిల్లల తల్లులుంటే పిల్లల విభాగం పక్క బల్ల అడగండి, పిల్లలు బొమ్మల పుస్తకాలు తిరగేస్తుంటే తల్లులకి గంటన్నర నిశ్చింతగా దొరుకుతుంది.