మా శాంత్రో, దాని వెనక 1998

నవంబరు 14, శుక్రవారం

క్లచ్ పెడల్ బాగా గట్టిపడింది. బ్యాంకు పని మధ్యాహ్నానికి పెట్టుకుని, పొద్దున్నే కారును విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్లాను. మేస్త్రి గారు బానెట్ ఎత్తి చూసి, "కేబుల్ పోయింది సార్, గంటలో ఇచ్చేస్తాను" అన్నారు. మాది 2006లో కొన్న హ్యుందాయ్ శాంత్రో జింగ్. వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ మళ్లీ పొడిగించుకోవాలి. అమ్మేయమని బంధువులు చెబుతూనే ఉన్నారు. నాకు మనసు రావడం లేదు. నాన్నగారి జ్ఞాపకం అన్నది ఒక కారణమైతే, ఈ బండి చరిత్ర మీద నాకున్న గౌరవం ఇంకో కారణం. షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నంతసేపూ ఆ చరిత్రే మనసులో తిరిగింది.

హ్యుందాయ్ మోటార్ కంపెనీ పుట్టింది 1967లో. మొదట ఉల్సాన్‌లో ఫోర్డ్ కోర్టినా విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్లు. సొంత కారు కావాలనుకున్నప్పుడు రూపం గీయడానికి ఇటలీ నుంచి జుజారోను, తయారీ నడిపించడానికి ఇంగ్లండు నుంచి జార్జ్ టర్న్‌బుల్‌ను పిలిపించుకున్నారు. ఇంజన్ జపాన్‌కు చెందిన మిత్సుబిషిది. అలా 1975 చివర్లో ‘పోనీ’ అనే కారు తయారైంది. దాని తర్వాతి తరం ఎక్సెల్ 1986లో 4,995 డాలర్ల ధరకు అమెరికాలో దిగింది, మొదటి ఏడాదే లక్షా అరవై ఎనిమిది వేలకు పైగా అమ్ముడైంది. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. బండ్లు తరచూ మరమ్మతుకు వచ్చాయి, కంపెనీ పేరు అక్కడ నవ్వులపాలైంది. తక్కువ డబ్బున్నవాడు ఒక్కసారే కొంటాడు. అది చెడిపోతే రెండోది కొనే శక్తి అతనికి ఉండదు. అందుకే చవక కారు చేసేవాడి మీద ఖరీదైన కారు చేసేవాడి కంటే ఎక్కువ బాధ్యత ఉంటుందని నా నమ్మకం.

ఆ బాధ్యత హ్యుందాయ్‌కు 1998 నాటికి బాగా తెలిసివచ్చిందని నాకు అనిపిస్తుంది. ఆ ఒక్క ఏడాదిలో ఎన్ని జరిగాయో! అంతకుముందు ఏడాది చివర్లోనే కొరియా అంతర్జాతీయ ద్రవ్య నిధి దగ్గర అప్పుకు చేయి చాచింది. దేశం అప్పు తీర్చడానికి మామూలు జనం పెళ్లి ఉంగరాలు సహా ఇంట్లోని బంగారం తెచ్చి ఇచ్చారు. మన ఇళ్లలో ఆడవాళ్లకు బంగారం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ త్యాగం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. జూన్‌లో హ్యుందాయ్ స్థాపకుడు చుంగ్ జు యుంగ్, ఎనభై దాటిన వయసులో, లారీల్లో 500 పశువులను ఎక్కించుకుని సరిహద్దు దాటి ఉత్తర కొరియా వెళ్లాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు తండ్రి ఆవును అమ్మిన డబ్బు తీసుకుని ఊరు విడిచి పారిపోయినవాడు ఆయన. ఆ ఊరు ఇప్పుడు సరిహద్దుకు అవతల ఉంది. అక్టోబరులో ఇంకో 501 పంపాడు. మొత్తం 1001. ఒక ఆవు బాకీ, మిగతాది వడ్డీ. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. ఆ ఏడాదే నష్టాల్లో మునిగిన కియాను హ్యుందాయ్ చేజిక్కించుకుంది. అమెరికాలో పోయిన పరువు నిలబెట్టుకోవడానికి ఇంజన్, గేర్‌బాక్సులకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల హామీ ప్రకటించింది.

ఇవన్నీ జరుగుతున్న రోజుల్లోనే, సెప్టెంబరులో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ఫ్యాక్టరీ నుంచి శాంత్రో వచ్చింది. ఫోర్డ్, హోండా వంటివి ఇక్కడి కంపెనీలతో కలిసి వస్తే, హ్యుందాయ్ భాగస్వామి లేకుండా ఒంటరిగా దిగింది. మన దేశంలో ఆ పేరు ఎంతమంది విన్నారని? అందుకే షారుఖ్ ఖాన్‌ను పెట్టి పరిచయం చేశారు. కొరియాలో ఆటోజ్ పేరుతో అమ్మిన బండినే కొద్దిగా మార్చి తెచ్చారు. పైకప్పు ఎత్తుగా ఉన్న ఆ ఆకారం చూసి చాలామంది పెదవి విరిచారు.

ఎక్కి కూర్చున్నవాళ్లు మాత్రం మాట మార్చుకున్నారు. మిగతా చిన్న కార్లలోకి వంగి, ఒదిగి దిగాల్సి వచ్చేది. ఇందులో సీటు ఎత్తుగా ఉండి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు షోరూములో ఒకసారి ఎక్కి దిగి, ఇంకేమీ అడగకుండా, "ఇదే తీసుకుందాం" అన్నారు. చీర కట్టుకున్న అమ్మకూ అంతే సుఖం. ఇంజన్ మొదట్లో 999 సీసీ, 2003లో వచ్చిన జింగ్‌కు 1086 సీసీ. అప్పట్లో ఎక్కువగా అమ్ముడయ్యే చిన్న కార్లు ఇంకా కార్బ్యురేటర్‌తోనే నడుస్తుంటే, దీనికి మొదటి రోజు నుంచీ ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజన్‌కు కావలసినంత పెట్రోలును కొలిచి చిమ్మే కొత్త పద్ధతి, ఉంది. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో పొగ కాలుష్యాన్ని అదుపు చేసే యూరో ప్రమాణాలున్న కార్లనే రిజిస్టర్ చేయాలని ఆదేశించినప్పుడు ఆ ముందుచూపు అక్కరకు వచ్చింది. కొత్త విజ్ఞానాన్ని ఖరీదైన బండ్ల వరకే దాచుకోకుండా చిన్న బండిలో పెట్టడం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. దాదాపు అదే సమయంలో మరో కొరియా కంపెనీ దేవూ తెచ్చిన మాటిజ్ కూడా ముచ్చటైన బండే. దేవూ దివాలా తీయడంతో ఆ బండి కొన్నవాళ్లు విడిభాగాల కోసం తిప్పలు పడ్డారు.

చెన్నైలో చేసిన శాంత్రోలు అటోస్ పేరుతో యూరప్‌కు వెళ్లాయి, డాడ్జ్ ముద్రతో మెక్సికోలో తిరిగాయి. కొరియావాళ్లు తమ కారును మన దగ్గర చేయించి మూడో దేశంలో అమ్మారంటే, ఇక్కడి కార్మికుల చేతిపనికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కేబుల్ మార్చాక పెడల్ మెత్తగా దిగుతోంది. మధ్యాహ్నం అమ్మను బ్యాంకుకు తీసుకువెళ్లాను. పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల ఇది. వేలిముద్ర మొదట పడలేదు, చేయి కడుక్కుని వచ్చాక పడింది. ఇంటికి వచ్చేసరికి నాలుగైంది.

రాత్రి గుంటూరు నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, మొదటి కారు కొందామనుకుంటున్నాను, ఏది మంచిది?" అని. శాంత్రో 2014 చివర్లో ఆగింది, 2018లో కొత్త రూపంలో వచ్చి 2022లో మళ్లీ ఆగింది. ఇప్పుడు అందరి చూపూ ఎస్‌యూవీల మీదే. హ్యుందాయ్ కుటుంబానికే చెందిన కియా మన పెనుకొండలో 2019లో మొదటగా చేసినదీ సెల్టోస్ అనే ఎస్‌యూవీయే. పెనుకొండకు ఫ్యాక్టరీ వచ్చిందంటే నాకు ఎంతో సంతోషం. కానీ అక్కడ పనిచేసే మామూలు కార్మికుడు కొనుక్కోగలిగిన కారు కూడా అక్కడే తయారవ్వాలని గట్టిగా కోరుకుంటున్నాను.

వాడి దగ్గర ఉన్నది రెండు లక్షల లోపు. తెనాలిలో ఎవరో 2012 శాంత్రో అమ్ముతున్నారట. వెళ్లి చూడమన్నాను. ముందు కార్పెట్ ఎత్తి అడుగున తుప్పు ఉందేమో చూసుకోమని, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడగమని, ఆదివారం నేనూ వస్తానని చెప్పాను.