ఎవరు బతికించారని అడిగేవారికి

మా పాపను చూడడానికి వచ్చిన బంధువులు కాసేపు కూర్చున్నాక దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు. "ఇంతకీ పైడితల్లమ్మ బతికించిందంటావా, డాక్టర్లు బతికించారంటావా?" అని. పైడితల్లమ్మ అంటే మా విజయనగరం అమ్మవారు. అడిగేవారిలో చాలామంది తమ సమాధానాన్ని తామే వెంట తెచ్చుకుంటారు; దానిని నా నోట వినాలన్నదే వారి కోరిక. ఇన్నాళ్ళూ మనిషిని బట్టి ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. అది సరికాదని ఈ మధ్య అనిపించి, జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, విజయనగరంలో నా భార్య ప్రసవించింది. ఆడపిల్ల, రెండు కిలోల మూడు వందల గ్రాముల బరువు. పుట్టగానే ఏడ్చింది, ఒంటి రంగు కూడా బాగానే ఉంది. మా అమ్మ ఊరి నుంచి చిన్న సీసాలో తేనె పోసుకుని తెచ్చింది. పుట్టిన బిడ్డకు బంగారపు ఉంగరాన్ని తేనెలో అద్ది నాకించడం మా ఇళ్ళలో తరతరాల ఆచారం. నాకూ అలాగే నాకించారట. అమ్మ వేలి ఉంగరం తీసి, తేనెలో ముంచి, పాప పెదవుల దాకా తెచ్చిన సమయంలో, పక్కనే పాప మూతి తుడుస్తున్న నర్సుగారు ఆమె చేయి పట్టుకుని ఆపారు. "ఆగండమ్మా. ఇది మూడోసారి తుడవడం. నురగ మళ్ళీ వస్తోంది" అన్నారు.

అప్పుడు నేనూ చూశాను. సన్నని తెల్లని బుడగలు, తుడిచిన నిమిషానికే, పెదవుల మధ్య నుంచి మళ్ళీ పొంగుతున్నాయి. "పసిపిల్లకి నురగేటి వింతమ్మా, అదే పోతాది" అంది అమ్మ. నర్సుగారు వాదించలేదు. సన్నని గొట్టం ఒకటి తెచ్చి పాప నోటి గుండా నెమ్మదిగా లోపలికి పంపారు. పది సెంటీమీటర్ల దగ్గర అది ఆగిపోయింది. తీసి మళ్ళీ పంపారు, మళ్ళీ అక్కడే ఆగింది. ఆ తరువాత తీసిన ఎక్స్‌రేలో గొట్టం పాప ఛాతీ పైభాగంలో చుట్ట చుట్టుకుని కనిపించింది.

పాపకు అన్నవాహిక మధ్యలో తెగిపోయి ఉంది. పై ముక్క అడుగున మూసుకుపోయి చిన్న సంచిలా ఉంది. కింది ముక్క పొట్ట నుంచి పైకి వచ్చి శ్వాసనాళంలోకి తెరుచుకుని ఉంది. వైద్యులు దీనిని ఈసోఫేజియల్ అట్రీసియా అంటారు. ఈ లోపంతో పుట్టే పిల్లల్లో నూటికి ఎనభై అయిదుగురి దాకా ఇదే తీరు అని తరువాత తెలిసింది. మింగిన ఉమ్ము దిగే దారి లేక నురగగా తిరిగి వస్తుంది. అటువంటి బిడ్డకు పాలు గాని తేనె గాని పోస్తే పై సంచి నిండి, పొంగి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నేను జీవశాస్త్రం ఉపాధ్యాయుణ్ణి. ఏటా పదో తరగతి పిల్లల చేత అన్నవాహిక, శ్వాసనాళం పక్కపక్కన ఉన్న బొమ్మ వేయించి, పేర్లు రాయించేవాణ్ణి. ఆ రెండు గొట్టాలూ తల్లి కడుపులో మొదట ఒకటిగా మొదలై తరువాత విడిపోతాయని, ఆ విడిపోవడంలో పొరపాటు జరిగితే బిడ్డ ఒక్క చుక్క పాలు కూడా మింగలేదని ఆ రోజు దాకా నా ఆలోచనకు రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఏడో నెలలో తీయించిన స్కానింగు కాగితం మీద ఉమ్మనీరు ఎక్కువగా ఉందని రాసి ఉంది. కడుపులోని బిడ్డ ఉమ్మనీటిని మింగుతూ ఉంటుంది. మింగే దారి మూసుకుపోతే నీరు పేరుకుంటుంది. ఉమ్మనీరు పెరగడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, నిజమే. కాని ఆ కాగితం ఇచ్చినవారు గాని, దానిని చూసి మందులు రాసినవారు గాని, ఒకసారి పెద్ద స్కానింగు చేయించుకోండి అని ఒక్క మాట అని ఉంటే, కాన్పు విశాఖలోనే జరిగి ఉండేది. గంటల పసికందును అంబులెన్సులో పడుకోబెట్టుకుని అరవై కిలోమీటర్లు వెళ్ళవలసిన అవసరం ఉండేది కాదు. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

ఆ ప్రయాణమంతా పాప తలవైపు ఎత్తుగా ఉంచారు. పొట్టలోని ఆమ్లం కింది ముక్క గుండా ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నకూడదని ఆ జాగ్రత్త. వెంట వచ్చిన సిస్టరు కొద్ది నిమిషాలకొకసారి సన్నని గొట్టంతో పాప గొంతులోని ఉమ్ము లాగుతూనే ఉన్నారు. తగరపువలస దాటి మధురవాడ చేరేదాకా నేను ఆ యంత్రం చప్పుడునే వింటూ కూర్చున్నాను. అది ఆగితే పాపను చూసేవాణ్ణి, పాప కదిలితే మళ్ళీ దానిని వినేవాణ్ణి.

విశాఖలో ముందుగా గుండెకు ఎకో, కడుపుకు స్కానింగు తీశారు. ఈ లోపం ఉన్న పిల్లల్లో కొందరికి గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, మలద్వారాల్లో కూడా లోపాలు ఉంటాయట. మా పాపకు అవేవీ లేవు. మర్నాడు ఆపరేషన్ అని చెప్పిన సర్జన్‌గారు ఒక తెల్లకాగితం తీసుకుని, రెండు గీతల్లో నేను పిల్లల చేత వేయించే బొమ్మనే వేసి చూపించారు. అప్పటికే మా మేనత్త ఒకావిడ నా భార్య చెవిలో ఒక మాట వేసింది. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు, సూర్యగ్రహణం పట్టిన సాయంత్రం, ఆరో నెల గర్భిణి అయి ఉండి వంకాయలు తరిగిందని, అందుకే బిడ్డ గొంతు తెగి పుట్టిందని. నా భార్య ఆ మాటను లోపలే దాచుకుని, చివరికి సర్జన్‌గారిని అడిగింది. ఆయన కసురుకోలేదు, నవ్వలేదు. "ఈ రెండు గొట్టాలూ విడిపోవడం నాలుగైదు వారాల వయసులోనే జరిగిపోతుందమ్మా. అప్పటికి మీరు గర్భవతి అన్న సంగతి మీకే సరిగా తెలిసి ఉండదు. గ్రహణం నాటికి ఇది జరిగి నెలలు గడిచిపోయాయి" అన్నారు. బిడ్డ పుట్టినప్పటి నుంచి కన్నీరు పెట్టని మనిషి, ఆ గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్ళి, శ్వాసనాళంలోకి ఉన్న దారిని మూసి, అన్నవాహిక రెండు కొసలనూ కుట్టి కలిపారు. కుట్టు మీదుగా సన్నని గొట్టం ఒకటి పొట్ట దాకా వేశారు. అయిదో రోజున ఛాతీలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలో ఉమ్ము కనిపించింది. కుట్టు దగ్గర కొంచెం లీక్ అవుతోందన్నారు. చిన్న లీకులు చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయని, వేచి చూద్దామని చెప్పారు.

వేచి చూడడం అన్నది వినడానికి చిన్న మాట. మా అమ్మ మొక్కుకున్నది ఆ సాయంత్రమే. ఆసుపత్రి వరండాలో తూర్పు ముఖంగా నిలబడి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి, పాపను ఎత్తుకుని పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవానికి వస్తానని, అమ్మవారికి ఘటం, చీర సమర్పించుకుంటానని చెప్పుకుంది. నేను ఏదో అనబోతే, "నీ పుస్తకాలు నువ్వు సదువుకోరా నాయినా, నా తల్లిని నేను అడుక్కుంటాను" అంది. అదే మనిషి, గుండెల మీద బిడ్డ లేని బాలింతను రెండు మూడు గంటలకొకసారి, అర్ధరాత్రి కూడా లేపి, పాలు పిండించి, గిన్నె మరిగించి, పేరు రాసిన సీసాలో పోసి సిస్టరుకు అందించేది. మోచేతుల దాకా చేతులు కడుక్కోకుండా లోపలికి వెళ్ళబోయిన మా మేనత్తను గుమ్మంలోనే ఆపింది. మొక్కు మొక్కిన మనిషి వైద్యాన్ని వదిలేస్తుందనే మాట వింటే నాకు మా అమ్మ చేతులు గుర్తుకు వస్తాయి, సబ్బుకు చర్మం పగిలిన ఆ చేతులు.

లీక్ పదకొండు రోజులకు మూసుకుంది. మందు పోసి ఎక్స్‌రే తీసి చూసి, మొదట గొట్టంలోంచి, తరువాత నోటితో, తల్లిపాలు చుక్క చుక్కగా పెంచుతూ వచ్చారు.

ఈలోగా జరిగిన మరొక సంగతి చెప్పకపోతే, బంధువుల ప్రశ్నకు నేను ఇచ్చే సమాధానం ఎవరికీ అర్థం కాదు. మా పక్కనే పలాస వైపు నుంచి వచ్చిన ఒక తల్లి ఉండేది, జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే మనిషి. ఆమె బిడ్డకు పొట్టకూ ఛాతీకీ నడుమ ఉండే పొరలో రంధ్రం. పేగులు ఛాతీలోకి ఎగబాకి, ఊపిరితిత్తులు ఎదగడానికి చోటు లేకపోయింది. రంధ్రాన్ని కుట్టవచ్చు గాని ఎదగని ఊపిరితిత్తిని ఎవరూ ఎదిగించలేరు. ఆమె అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుంది. మా అమ్మ కంటే ఎక్కువ ఉపవాసాలే ఉంది. ఆ బాబు మూడో రోజున పోయాడు.

అదే వారంలో మమ్మల్ని చూడడానికి వచ్చిన ఒకాయన, వరండా అంతా వినిపించేలా, "మీ అమ్మగారి భక్తే మీ బిడ్డను కాపాడుతోంది" అన్నారు. ఆ పలాస తల్లి ఇంకా అక్కడే ఉంది, కాగితాల మీద సంతకాలు పెట్టడానికి. ఆ మాటకు అర్థం ఏమిటి? ఆమె భక్తి తక్కువైందనా? సూర్యభగవానుడు వినలేదనా? అప్పటి నుంచి "అమ్మవారు బతికించింది" అన్న మాట నా నోట రాలేదు. "అమ్మవారు మాకు తోడుంది" అంటాను. మొదటి మాట నిజమైతే పలాస తల్లికి అన్యాయం చేసిన దేవుడు ఒకడు ఉండాలి. రెండో మాటకు అటువంటి దేవుడు అవసరం లేదు. అమ్మవారు ఆమెకూ తోడుండి ఉండవచ్చు.

ఈ లోపాన్ని గిబ్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1697లోనే వర్ణించి పెట్టాడు. అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హైట్ అనే సర్జన్ తెగిన రెండు కొసలనూ ఒకే ఆపరేషన్‌లో కలిపి మొదటిసారి బిడ్డను నిలబెట్టినది 1941లో. నడుమ రెండు వందల నలభై నాలుగేళ్ళు. అన్ని ఏళ్ళలో ఇలా పుట్టిన పిల్లల తల్లులు, నాయనమ్మలు మా అమ్మ కంటే తక్కువగా మొక్కుకున్నారని నేను అనుకోలేను. వారికి లేనిదీ మాకు ఉన్నదీ ఆ గొట్టం, ఆ కుట్టు, ఉమ్ము లాగే ఆ యంత్రం. ఆ నర్సుగారు మూడోసారి తుడిచినప్పుడు అనుమానపడడం కూడా. దీనిని ఒప్పుకోవడం వల్ల నా భక్తికి వచ్చిన లోటు ఏమీ లేదు.

మా విజయనగరం వారికి ఇది కొత్త సంగతి కూడా కాదు. 1757లో బొబ్బిలి యుద్ధం నాటికి రాజకుటుంబాన్ని మశూచి పట్టి ఉందని, విజయరామరాజుగారి సోదరి పైడిమాంబ అన్నగారి మరణవార్త విని ప్రాణం విడిచి అమ్మవారిలో ఐక్యమైందని, పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని చెప్పుకుంటాం. మశూచిని మన పల్లెల్లో "అమ్మవారు పోసింది" అనే అనేవారు. మన దేశంలో ఆ జబ్బు 1975తో ఆగిపోయింది; 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. దానిని ఆపినది టీకా. మా అమ్మ జబ్బకు ఆ టీకా మచ్చ ఇప్పటికీ ఉంది. జబ్బు పోయింది గాని మూడు లాంతర్ల దగ్గర అమ్మవారి గుడికి వచ్చే జనం తగ్గలేదు. టీకా వేయించుకున్న చేతులతోనే ఘటాలు ఎత్తుతున్నారు.

మా పాపకు ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. కుట్టు దగ్గర దారి సన్నబడితే మూడుసార్లు వెడల్పు చేయవలసి వచ్చింది. దగ్గితే కంచు మోగినట్టు గట్టిగా వినిపిస్తుంది. శ్వాసనాళం మెత్తగా ఉండడం వల్ల అలా ఉంటుందని, పెరిగే కొద్దీ తగ్గుతుందని చెప్పారు. ఇడ్లీ ముక్క కూడా బాగా నమిలించి, మధ్యలో నీళ్ళు తాగించి తినిపిస్తాం. కుడి చంక కింద మచ్చను మా అమ్మ రోజూ నూనె రాసేటప్పుడు వేలితో తడుముతుంది.

2023లో, దసరా వెళ్ళిన మంగళవారం నాడు సిరిమాను కోట వైపు కదలడానికి ముందే, ఉదయాన, అమ్మ మొక్కు తీర్చుకోవడానికి మేమంతా గుడికి వెళ్ళాం. పాపకు తొమ్మిది నెలలు. వరుసలో నిలబడినప్పుడు చూస్తే అమ్మ సంచిలో రెండు చీరలున్నాయి. రెండోది ఎవరికని అడిగితే చెప్పలేదు. మా వంతు వచ్చాక అర్చకులు పేరు, గోత్రం అడిగారు. మొదటి చీరకు పాప పేరు చెప్పింది. రెండో చీరకు ఎవరి పేరని ఆయన అడిగారు. "పలాస పిల్లడు బాబూ. మూడు రోజులే ఉన్నాడు, పేరు ఎట్టనేదు" అంది. ఆయన ఒక క్షణం ఆమె ముఖం చూసి, పేరు చెప్పవలసిన చోట ఆగి, మిగిలిన మంత్రం చదివారు.